ఎడమ చెంప, కుడి చెంప

పొగతోటలో రెండో అంతస్తు.
కింద మందుల షాపు, పైన మా చర్మాల క్లినిక్.
డాక్టరమ్మ పూస్తది,
నేను గడియారం పట్టుకుంటా.

ఎడమ చెంపకి చెరకు నుంచి వచ్చిన ఆసిడ్,
కుడి చెంపకి ఏదో చెట్టు బెరడు నుంచి వచ్చింది.
గ్లైకాలిక్, సాలిసిలిక్.
చేరిన కొత్తల్లో నోరు తిరక్క
తీపిది, చేదుది అనేదాన్ని.

ముఖం మస్తానయ్యది.
ఆత్మకూరు బస్టాండు నుంచి వేదాయపాళెం దాకా షేర్ ఆటో.
ఇరవై మూడేళ్ళు. నుదురు బాగానే ఉంది,
చెంపలే, చాప మీద కందులు ఎండబోసినట్టు.
"మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు.
రెండూ వేసి చూద్దామా, ఏది పడతదో తెలుస్తది"
అంది డాక్టరమ్మ.
వాడు అడిగింది ఒకటే:
"రెండిటికీ డబ్బులు తీసుకుంటారా?"

తీపిది నీళ్ళలాగే ఉంటది. పూసినట్టే తెలవదు.
మూడు నిమిషాలు. దాటితే కాలుస్తది,
సోడా నీళ్ళతో నేనే ఆపాలి.
చేదుది అట్టా కాదు.
కాసేపటికి తెల్లంగా పేరుకుంటది,
ఇసకపల్లి ఉప్పుమడిలో నీళ్ళు ఇంకి
అంచున తేలిన మొదటి తెలుపు.
ఎవరూ ఆపనక్కర్లేదు, తనే ఆగిపోతది.
మా ఇంట్లో మగోళ్ళు గుర్తొచ్చారు,
బయటికి అనలేదు.

"మండతందా?"
"ఎడమపక్క చీమలు, కుడిపక్క మిరపకాయ."
పోయిన తడవ తిరగేసి చెప్పాడు.

మూడో రోజు పొట్టు లేస్తది.
గోరు పెట్టబాకు అని చెప్పి పంపడం కూడా నా పనే.
ఆ మాట నాది కాదు, మా జేజిది.
సైదాపురం కాడ షెడ్డు కింద అభ్రకం చీల్చేది,
ఒళ్ళో గోనెపట్ట, చేతిలో అరిగిన కొడవలి ముక్క.
"దానంతట అది విడిస్తే రేకు మే,
నువ్వు పెరికితే పొట్టు."
రేకుకి కూలి. పొట్టుకి తిట్లు.
పొద్దుగూకి ఇంటికొస్తే
కుచ్చిళ్ళలో, కనుబొమల్లో, అన్నం మెతుకుల్లో
కాకిబంగారం.
మేం అది చెంపలకి రాసుకుని
పెళ్ళికూతురాట ఆడుకునేవాళ్ళం.

మస్తానయ్య వినలేదు.
నాలుగో రోజు సిగ్నల్ దగ్గర ఆటో అద్దంలో చూసుకుంటా
ఎడమపక్క గోరంత పొర లాగేశాడు.
నల్లమచ్చ పడింది, నెల దాటినా పోలేదు.
దాన్ని ఆసిడ్ ఖాతాలో రాయాలా, గోరు ఖాతాలోనా,
డాక్టరమ్మ పెన్ను గాల్లోనే ఆగింది.

రోహిణి కార్తె. ఎండకి పూసుకునే ట్యూబు ధర చెప్తే
"రెండు రోజుల డీజిలు అక్కా అది" అన్నాడు.
ముఖానికి తువ్వాలు చుట్టి నడిపాడు,
కళ్ళు రెండే బయట.

పదిహేను రోజులకోసారి, ఆరు సార్లు.
ఫొటోలు పక్కపక్కన పెట్టాం.
ఎడమపక్క పద్దెనిమిది ఐదయ్యాయి,
కుడిపక్క ఇరవై ఆరయ్యాయి.
అంటే ఇరవై పోయి ఆరు మిగిలాయని.
మళ్ళీ లెక్కబెడితే ఇంకో లెక్క వచ్చింది.
"నీకేది నయమనిపిస్తంది?"
వాడు అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి,
"నాకు ఎడమపక్క ఒకరు కూచుంటారు, కుడిపక్క ఒకరు.
ఇద్దరూ పదిహేను రూపాయలే ఇస్తన్నారు మేడమ్."
డాక్టరమ్మ నవ్వి ఏదో రాసుకుంది.

అందరూ పోయినాక గిన్నెలు కడిగా, బ్రష్షులు ఆరేశా.
నా చెంపల గుంతలు ఒకసారి చూసిందామె,
వీటికి ఈ పూతలు చాలవు అంది, అంతే.

రాత్రి ఫోన్లో జేజి.
రేషన్ మిషన్ ఈ నెల కూడా వేలు తీసుకోలేదంట.
నలభై ఏళ్ళ అభ్రకం
బొటనవేలి గీతలు తినేసింది.
"తుడిచి పెట్టవ్వా" అన్నాడంట ఆ పిల్లోడు.
కొంగుతో తుడిచి పెట్టింది.
"ఇంకోసారి."
పెట్టింది.
నేనేం మాట్లాడలేదు.
తనే నవ్వింది:
"నా వేలు చానా నున్నంగా ఉందంట మే,
ఏం పూస్తావు అని అడిగాడు."